సగం చెప్పిన వార్త



2020 డిసెంబర్ 5, శనివారం. ఏలూరు వన్‌టౌన్‌లో, దక్షిణపు వీధి, కొత్తపేట వైపు, బాగా తిరుగుతున్న మనుషులు ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. మూర్ఛ, నోట నురగ, కాసేపు ఒళ్ళు తెలియదు. కొన్ని నిమిషాలకు తేరుకుని, నాకేమైందని వాళ్ళే అడిగేవారు. పిల్లలనీ పెద్దలనీ తేడా లేదు. ఒకే ఇంట్లో ఒకరికి వచ్చింది, పక్కనున్నవాళ్ళకి రాలేదు. ఆదివారానికి ప్రభుత్వాసుపత్రి నిండిపోయింది. వారం పది రోజుల్లో ఆరువందల మంది పైచిలుకు ఆసుపత్రి మెట్లెక్కారు. ఒకరు చనిపోయారు. మిగతావాళ్ళలో చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే ఇళ్ళకు వెళ్ళిపోయారు.

జబ్బు సంగతి డాక్టర్లు చెప్పాలి. ఆ వారం రోజులూ టీవీల్లో, పేపర్లలో, వాట్సాప్‌లో ఏలూరు చెవిన పడ్డ మాటలు ఏమిటి, వాటిని ఊరు ఎలా విన్నది అన్నదే ఈ పూట నా ప్రసంగం.

మొదటి మాట నీళ్ళ గురించి. మునిసిపల్ నీళ్ళు పరీక్ష చేయించాం, తేడా ఏమీ కనిపించలేదు అన్నారు. అది అబద్ధం కాదు. కాని చాలా ఇళ్ళలో ఆ మాట తిరగబడి వినపడింది. నీళ్ళు బాగున్నాయని అంత గట్టిగా చెబుతున్నారంటే నీళ్ళలోనే ఏదో ఉంది! స్తోమత ఉన్నవాళ్ళు టిన్ను నీళ్ళకు మళ్ళారు. టిన్ను నీళ్ళు తాగేవాళ్ళు కూడా పడిపోతున్నారని తెలిశాక అనుమానం కూరగాయల మీదికి, పాల మీదికి, చేపల మీదికి పోయింది. బ్లీచింగ్ ఎక్కువ కలిపారన్నారు కొందరు, దోమల మందు పొగ అన్నారు ఇంకొందరు.

ఇదంతా చదువులేనితనం అని తేల్చేసినవాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. ఏలూరు మనిషికి తాగునీరు ఎక్కణ్ణుంచి వస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇటు కృష్ణా కాలవ, అటు గోదావరి కాలవ, రెండూ ఈ ఊరికే చేరతాయి. ఆ కాలవలు ఎన్నో ఊళ్ళు దాటి, వరిచేల వెంట, చేపల చెరువుల వెంట పారి వస్తాయి. దారిలో వాటిలో ఏమేం కలుస్తాయో గట్టు మీద నడిచే ప్రతివాడూ చూస్తూనే ఉన్నాడు. ఏళ్ళ తరబడి కళ్ళతో చూసింది ఒకవైపు, ‘తేడా ఏమీ లేదు’ అన్న మూడు ముక్కలు ఒకవైపు. ఏది నమ్ముతాడు?

అసలు చిక్కు ఆ మూడు ముక్కల్లోనే ఉంది. నీళ్ళ పరీక్ష అంటే ఒక్క పరీక్ష కాదు. ఊళ్ళల్లో రోజువారీ చేసేది క్లోరిన్ ఎంత మిగిలిందో చూడటం, క్రిములున్నాయేమో చూడటం. పురుగుమందుల ఆనవాళ్ళు పట్టాలంటే దానికి వేరే యంత్రం కావాలి. సీసం, నికెల్ లాంటి లోహాలకు ఇంకో యంత్రం. అవి ప్రతి ఊళ్ళోనూ ఉండవు. నమూనాలు హైదరాబాదుకో ఢిల్లీకో పోవాలి, రోజులు పడుతుంది. కాబట్టి ‘తేడా లేదు’ అంటే ‘ఇప్పటిదాకా మేం వెతికిన వాటిలో తేడా లేదు’ అని. దేనికోసం వెతికారు, దేనికోసం ఇంకా వెతకలేదు అన్న ముక్క చాలా వార్తల్లో రాలేదు. ఆ రాని సగాన్ని ఊరే పూరించుకుంది. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇంతే నిజానికి: సగం చెప్పి ఊరుకుంటే వినేవాడు ఊరుకోడు. తన బతుకులోంచి, తన వృత్తిలోంచి, తన కడుపుమంటలోంచి మిగతా సగం తెచ్చి కలుపుకుంటాడు.

సోమవారం ముఖ్యమంత్రి ఆసుపత్రికి వచ్చారు. అప్పటి ఆరోగ్యశాఖ మంత్రిది ఆ ఊరే, అప్పుడు అక్కడి ఎమ్మెల్యే ఆయనే. ప్రతిపక్షం ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించమంది. ఆర్గానోక్లోరిన్ పురుగుమందులు కావచ్చునని ఒక ఎంపీ చెప్పారు. మర్నాడు, బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ నుంచి కబురు వచ్చింది. శనివారం నుంచి ‘తేడా లేదు’ అని విన్నవాడికి మంగళవారం ‘సీసం’ అన్న మాట ఎలా వినపడుతుంది? ఇన్నాళ్ళూ దాచారని! దాచలేదు, అంతకుముందు దానికోసం చూడలేదు. కాని అప్పటికి ఆ తేడా చెప్పినా చెవిన పెట్టే ఓపిక ఎవరికుంది?

సీసం మాటలోనూ సగమే వచ్చింది. సీసం ఒంట్లో చేరితే ఒక్క పూటలో వదిలిపోయేది కాదు. పావుగంటలో లేచి కూర్చున్న మనిషి సంగతి ఒక్క సీసంతో పూర్తిగా తేలదని వైద్యం తెలిసినవాళ్ళు అప్పుడే సందేహించారు. అదే నెల 16న జరిగిన సమీక్షలో ఎయిమ్స్, నీరీ సంస్థల నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చునన్నారు. అవి ఏ దారిన మనుషుల్లోకి వచ్చాయో తేలాలంటే చాలాకాలం నమూనాలు తీస్తూ పోవాలన్నారు. జనవరిలో భీమడోలు మండలం పూళ్ళలో, దెందులూరు మండలం కొమిరేపల్లిలో మళ్ళీ జనం అలాగే పడిపోయారు. టీవీ కెమెరాలు అప్పటికి వేరే ఊళ్ళకు వెళ్ళిపోయాయి. డిసెంబర్‌లో ఏలూరు నుంచి గంటగంటకీ చెప్పిన ఛానళ్ళు జనవరిలో పూళ్ళ గురించి అడపాదడపా చెప్పాయి. ఆ తగ్గుదలని కూడా జనం ఒక సందేశంగానే తీసుకుంటారు. పల్లెటూరివాళ్ళం కాబట్టి పట్టించుకోలేదనో, చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పలేదనో.

ఇంకొకటి. ఏ జబ్బొచ్చినా మన అలవాటు సలహా ఒకటుంది, నీళ్ళు కాచి చల్లార్చి తాగండి అని. కలరాకి, కామెర్లకి బ్రహ్మాండమైన సలహా. కాగితే క్రిములు చస్తాయి. సీసం చావదు, అది లోహం. పురుగుమందుల్లో చాలావాటిని కూడా మరిగించి వదిలించుకోలేం. కాచిన కొద్దీ నీళ్ళు తగ్గుతాయి కాబట్టి మిగిలిన నీళ్ళలో లోహం పాలు కాస్త పెరుగుతుంది కూడా. గ్యాసు ఖర్చు పెట్టి నీళ్ళు కాచుకుని తాగిన ఇల్లాలు, అయినా ఇంట్లో ఒకరు పడిపోతే, ఆ తర్వాత వచ్చే ఏ ఆరోగ్య సలహానైనా ఏ కంటితో చూస్తుంది?

రేడియోకి రాసేవాణ్ణి కనుక, ఆ ఆదివారం పొద్దుటి వార్తలో ఏం చదివితే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. ఇలా ఉంటే సరిపోయేదేమో: ‘ఏలూరు నీళ్ళలో క్రిములకోసం, క్లోరిన్‌కోసం పరీక్ష చేశారు, తేడా కనిపించలేదు. పురుగుమందులకు, లోహాలకు పరీక్ష ఇంకా జరగలేదు, నమూనాలు పంపుతున్నారు. ఫలానా రోజుకి ఫలితం వస్తుంది. అందాకా కాలవ నీళ్ళు కాకుండా వేరేచోటి నుంచి వచ్చే ట్యాంకర్ నీళ్ళు ఫలానా ఫలానా వీధుల్లో ఇస్తారు. పడిపోయినవాళ్ళని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, 108కి ఫోన్ చేయండి.’ చదవడానికి నిమిషం కూడా పట్టదు. భయం పోతుందని అనను. కాని భయపడేవాడికి దేని గురించి భయపడాలో తెలిసేది.

ఇదంతా జనం ఒకరిని చూసి ఒకరు భయపడి తెచ్చుకున్నదే, మాస్ హిస్టీరియా అన్న మాట కూడా ఆ రోజుల్లో వినపడింది. ఈ మాట విన్నప్పుడల్లా నాకు 1938 అక్టోబర్ 30 గుర్తొస్తుంది. ఆ రాత్రి అమెరికా రేడియోలో ఆర్సన్ వెల్స్ ఒక నాటకం వేశాడు, అంగారక గ్రహం నుంచి శత్రువులు దిగినట్టు, వార్తల ధోరణిలో. దేశమంతా గడగడలాడి వీధుల్లోకి పరుగెత్తిందని మర్నాడు పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. ఆ రాత్రే టెలిఫోన్‌లో ఎవరేం వింటున్నారని అడిగిన సర్వే ఒకటుంది. అందులో ఆ నాటకం వింటున్నామన్నవాళ్ళు నూటికి ఇద్దరు. అప్పట్లో ప్రకటనల డబ్బంతా రేడియోకి పోతోందని పత్రికలకి మంటగా ఉండేది, రేడియో ఎంత ప్రమాదమో చూడండని చెప్పుకోవడానికి వాళ్ళకి ఆ రాత్రి అందివచ్చింది. జనం వెర్రివాళ్ళు అన్నది కూడా ఒక సందేశమే. అది ఎవరికి అక్కరకొస్తుందో చూడాలి.

స్టూవర్ట్ హాల్ అని జమైకాలో పుట్టి ఇంగ్లండులో పనిచేసిన పండితుడు ఒకాయన, 1973లో టెలివిజన్ మీద ఒక వ్యాసం రాశాడు. పంపినవాడు పెట్టిన అర్థమే వినేవాడికి చేరుతుందని ఏమీ లేదన్నాడు. ఒకరు చెప్పింది చెప్పినట్టు పుచ్చుకుంటారు. ఒకరు మాట నిజమే కాని నా విషయంలో కాస్త వేరు అని బేరమాడి పుచ్చుకుంటారు. ఇంకొకరు మాటను ఎదురు తిప్పి చదువుకుంటారు. బాగా చెప్పాడు. కాని ఇవి మూడు రకాల మనుషులు అనుకుంటే మాత్రం మన వైపు కుదరదు. ఇక్కడ ఒకే మనిషి పొద్దుటినుంచి రాత్రిలోపు మూడూ చేస్తాడు. తుఫాను హెచ్చరిక వస్తే చెప్పింది చెప్పినట్టు వింటాడు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత ఈ తీరంలో ఆ వార్తతో పరాచికాలు లేవు. ఉల్లిపాయల ధర వార్తతో బేరమాడతాడు. తాడేపల్లిగూడెం మార్కెట్‌లో ధర పడిందంటే అమ్ముకోవడానికి కర్నూలు నుంచి లారీ కట్టుకొచ్చిన రైతు వినేది ఒకటి, గూడెంలో హోటల్ నడిపేవాడు వినేది ఒకటి. ఇక కొల్లేరు వార్త వస్తే అదే మనిషి ఎదురు తిరుగుతాడు. దాని దగ్గరికి వస్తాను.

మన తెలుగు ప్రేక్షకుడికి ఇంకో విద్య వచ్చింది. ఏ ఛానల్ ఎవరిదో, ఏ పేపర్ ఏ పార్టీ వైపో వాడికి నోటికొచ్చు. ధాన్యం కాటా దగ్గర తేమ పేరు చెప్పి బస్తాకి ఇంత అని తరుగు తీసినట్టు, వార్త వినగానే ఛానల్ పేరునుబట్టి తరుగు తీసేస్తాడు. తెలివే, కాదనను. అయితే అన్ని వార్తలకీ తరుగు తీసి తీసి, ఎవరి పార్టీతోనూ పని లేని లేబరేటరీ కాగితానికి కూడా అదే తరుగు తీయడం అలవాటైపోయింది. సీసం అంటే ఎవరినో కాపాడటానికంటాడు, పురుగుమందంటే రైతును బద్నాం చేయడానికంటాడు. ఏలూరు విషయంలో జరిగింది సగం అదే.

సగం చెప్పిన వార్తకి ఇంకో ఉదాహరణగా కోడి కథ చూడండి. 2020 ఫిబ్రవరి ఆఖర్లో, కోడి తింటే కరోనా వస్తుందన్న పుకారు పుట్టి ధరలు కూలిపోతే, హైదరాబాదులో తెలంగాణ మంత్రులు వేదికెక్కి అందరూ చూస్తుండగా కోడి వేపుడు తిన్నారు. ఆ పుకారుకి తలాతోకా లేదు, మంత్రుల మాటే నిజం. అయిదేళ్ళ తర్వాత 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్ళు చచ్చిపోవడం బర్డ్‌ఫ్లూ వల్లేనని భోపాల్ లేబరేటరీ తేల్చింది. తర్వాత తాడేపల్లిగూడేనికి దగ్గర్లోనే, ఉంగుటూరు మండలం బాదంపూడిలో. ఈసారి నిజంగానే వైరస్ ఉంది. అయినా పెట్టిన దృశ్యం పాతదే! ఊరూరా చికెన్ మేళాలు, ఉచితంగా కోడి కూర, వేపుడు, జనం బారులు. పుకారుకీ వైరస్‌కీ ఒకే జవాబిస్తే చూసేవాడు రెండింటినీ ఒకే గాటకు కట్టేస్తాడు.

బాగా ఉడికించిన మాంసంతో, గుడ్డుతో భయం లేదన్న మాట నిజం. ఆ వేడికి వైరస్ బతకదు. కాని ప్రమాదం కంచంలో కన్నా ముందు, కోడిని పట్టుకునే చేతిలో, కోసే కత్తి దగ్గర, పచ్చి మాంసం దగ్గర, షెడ్డు ఊడ్చే మనిషి ముక్కులో ఉంటుంది. పశ్చిమ గోదావరి కోళ్ళఫారాల్లో పనిచేసేవాళ్ళలో చాలామంది ఒడిశా నుంచి, బీహారు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకి తెలుగు టీవీ ఏం చెప్పినట్టు? తినేవాడి కోసం తయారైన సందేశాన్ని, కోసేవాడు కూడా తనకీ వర్తిస్తుందనుకుని వింటాడు. అదే ఏడాది మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ళ పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది, అది బర్డ్‌ఫ్లూయేనని పూణె లేబరేటరీ నిర్ధారించింది. ఆ పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని వార్తల్లో వచ్చింది. ‘ఉడికించి తినండి’ అన్న మాటకి ‘పచ్చిది పిల్లల చేతికి అందనివ్వకండి’ అన్న మిగతా సగం కలిపి చెప్పి ఉండాల్సింది. కోడి ధర కోసం తాపత్రయపడటం తప్పని అనడంలేదు. ఈ జిల్లాల్లో గుడ్ల లారీ ఆగితే మొక్కజొన్న రైతు దగ్గర్నుంచి అట్టపెట్టెలు చేసేవాడిదాకా అందరి పొయ్యీ ఆరుతుంది. ఆ తాపత్రయం ఉందని కూడా వినేవాడికి తెలుసు, దానికీ తరుగు తీస్తాడు.

ఇక కొల్లేరు.

1999లో కొల్లేరుని అయిదో కాంటూరుదాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తుదాకా, వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 308 చదరపు కిలోమీటర్లు, 76 వేల ఎకరాల పైమాటే. 2002లో రామ్సార్ చిత్తడినేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు. పొక్లెయిన్లు, మందుగుండు పెట్టి చేపల చెరువుల గట్లు పేల్చేశారు. ఆ వార్త హైదరాబాదులో, ఢిల్లీలో చదివినవాళ్ళకి కనిపించింది గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, ఊపిరి పీల్చుకున్న సరస్సు. ఏలూరులో, తమ్మిలేరు పొంగితే మునిగే పేటల్లో, అదే వార్త వరద తగ్గుతుందన్న ఆశగా వినపడింది. లంక గ్రామాల్లో అదే ఫొటో చూసినవాళ్ళకి మాత్రం గట్టు పోయింది, దాని మీద తెచ్చిన అప్పు మిగిలింది.

లంకల్లోవాళ్ళు తిరగేసి చదవడానికి వెనక ఒక చరిత్ర ఉంది. 1970లలో అప్పటి ముఖ్యమంత్రి వెంగళరావు ప్రభుత్వమే వడ్డీ కులస్థులకీ, దళితులకీ సొసైటీలు పెట్టించి, చెరువులు తవ్వించి ఇచ్చింది. చెరువు తవ్వుకోండి, బాగుపడతారు అన్నది ప్రభుత్వం నోటినుంచే వచ్చిన సందేశం. తర్వాత పెట్టుబడిగలవాళ్ళు వచ్చి లీజులకు తీసుకున్నారు, చెరువులు పెద్దవయ్యాయి, సరస్సు చిన్నదయింది. ముప్పై ఏళ్ళకి అదే ప్రభుత్వం చెరువు తవ్వడం నేరమంది. మొదటిసారి తవ్వమన్నదీ మీరే కదా అని వడ్డీ కులస్థుడు అడిగితే, దాన్ని ‘ఆక్రమణదారుల వాదన’ అని ఒక్క మాటలో కొట్టిపారేసిన కథనాలు బోలెడు. లీజుదారుడు ఆ మాట చాటున నక్కి తన వేల ఎకరాలు కాపాడుకోవాలని చూసిందీ నిజమే. రెంటినీ విడదీసి చెప్పిన కథనాలు తక్కువ.

కొల్లేరు వార్తలన్నిట్లోకీ పక్కదారి పట్టించింది, నా లెక్కలో, ఒక అంకె. 2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యాన్ని అయిదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకి తగ్గించమని తీర్మానం చేసింది. పేపర్ చదివేవాడికి అది రెండడుగుల బేరం. రెండడుగులేగా, వదిలేస్తే ఏం పోయింది అనిపిస్తుంది. కాని కొల్లేరు నేల చదునుగా ఉంటుంది. అక్కడ ఎత్తు రెండడుగులు తగ్గితే విస్తీర్ణం 308 నుంచి 135 చదరపు కిలోమీటర్లకు పడిపోతుంది, సగానికన్నా ఎక్కువ పోతుంది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఆ తగ్గింపు కుదరదంది. ఆ వార్త వచ్చిన రోజున కూడా అంకెలు అడుగుల్లోనే వచ్చాయి. అయిదడుగుల గీత తన పొలంలో ఎక్కడ పడుతుందో రైతుకి తెలియదు. ఆ గీత లోపల దగ్గర దగ్గర 15 వేల ఎకరాల జిరాయితీ భూమి ఉంది, పట్టా ఉన్నా చెరువు వేయడానికి లేదు. తన సర్వే నంబరు గీతకి ఇవతలో అవతలో తెలియని మనిషికి ‘కొల్లేరు పరిరక్షణ’ అన్న మాట బెదిరింపుగానే వినపడుతుంది. ఆ మనిషి పక్షులకు శత్రువేమీ కాదు. ఆటపాక చెరువుల్లో గూడబాతులు వాలితే చూడటానికి పిల్లల్ని తీసుకెళ్ళేదీ వాళ్ళే.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు ఈ వినికిడి కొంచెం మారింది. బుడమేరు చివరికి చేరేది కొల్లేరుకే, కొల్లేరు నీళ్ళు సముద్రానికి పోవాల్సింది ఉప్పుటేరు గుండానే అని టీవీలు పటం వేసి చూపించాయి. అంతకుముందు కొల్లేరంటే పక్షుల గొడవ అనుకున్న విజయవాడవాళ్ళకి అది తమ ఇంటి మెట్ల దాకా వచ్చిన గొడవైంది. లంకల్లో మాత్రం ఆ పటాన్ని ఇంకోలా చూశారు. పైనుంచి వదిలిన నీళ్ళన్నీ వచ్చి నిలిచేది తమ ఊళ్ళల్లోనే, అయినా టీవీలో కనపడింది సింగ్‌నగర్ ఒక్కటే.

2025లో కొల్లేరు కేసు మళ్ళీ సుప్రీంకోర్టులో కదిలింది. ఆ జూన్‌లో కోర్టు తరఫున సాధికార కమిటీ ఈ ప్రాంతానికి వచ్చి జనం ఇచ్చిన అర్జీలు తీసుకుంది. మరుసటి పొద్దున పేపర్లలో రెండే శీర్షికలు కనిపించాయి నాకు. ఒకటి కొల్లేరుని కాపాడాలని, ఒకటి కొల్లేరువాసుల్ని కాపాడాలని. కైకలూరు, మండవల్లి, భీమడోలు మండలాల్లో ప్రతి పంచాయతీ గోడ మీదా ఆ అయిదడుగుల గీత ఏ సర్వే నంబర్ల గుండా పోతుందో తెలుగులో పటం గీయించి, గీతలోపల జిరాయితీ ఎంత, ప్రభుత్వ భూమి ఎంత, దేనికి నష్టపరిహారం ఉంది, దేనికి లేదు అన్నది కింద రాయించి పెట్టడానికి రంగు డబ్బాలు, ఇద్దరు పెయింటర్లు, ఒక సర్వేయరు చాలు. ఆ పటం ఎదుట నిలబడి జనం గట్టిగానే పోట్లాడుకుంటారు. అప్పుడు పోట్లాట గీత మీద జరుగుతుంది.